టెక్ సందేహాలు: ప్రోగ్రామ్ లేని రోబో ఎలా నడుస్తుంది?

కొన్ని వారాలుగా నడిచే రోబోల మీద వరసగా ప్రశ్నలు వస్తున్నాయి. అందరూ కట్టిందీ దాదాపు ఒకే నమూనా: రెండు మోటార్లు, నాలుగు కాళ్లు, ఒక చిన్న లాజిక్ చిప్. కోడ్ ఒక్క లైను కూడా ఉండదు. నాకు ఎంతో ఇష్టమైన విషయం కాబట్టి ఈసారి పూర్తిగా దీనికే కేటాయిస్తున్నాను.

సర్, మైక్రోకంట్రోలర్ లేకుండా రోబో నడుస్తుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. కాళ్లకు ఎప్పుడు కదలాలో ఎవరు చెబుతారు?

నిజంగానే నడుస్తుంది. ఈ పద్ధతికి ‘బీమ్’ అని పేరు. బయాలజీ, ఎలక్ట్రానిక్స్, ఈస్తటిక్స్, మెకానిక్స్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలవి. దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు మార్క్ టిల్డెన్. ఆయన సర్క్యూట్లకు 1994లో అమెరికా పేటెంట్ వచ్చింది. 2004లో మార్కెట్లోకి వచ్చిన రోబోసేపియన్ బొమ్మ కూడా ఆయన డిజైనే. అంతకు చాలా ముందు, 1940ల చివర్లోనే, గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో రెండే రెండు వాక్యూమ్ ట్యూబులతో వెలుతురు వెంట తిరిగే ‘తాబేళ్లు’ తయారుచేశాడు. అవి చక్రాల మీద తిరిగేవి. అయినా ఆలోచన అక్కడిదే.

ఇక కాళ్లకు ఎప్పుడు కదలాలో చెప్పేది లాజిక్ చిప్‌లోని ఇన్వర్టర్లు. ఇన్వర్టర్ అనేది (కరెంటు పోతే ఇంట్లో వాడేది కాదు) చాలా చిన్న పని చేస్తుంది. లోపలికి హై (ఎక్కువ వోల్టేజీ) ఇస్తే బయటికి లో (తక్కువ వోల్టేజీ) ఇస్తుంది, లో ఇస్తే హై ఇస్తుంది. రెండు ఇన్వర్టర్లు తీసుకుని, ఒకదాని అవుట్‌పుట్‌ను కెపాసిటర్ ద్వారా రెండోదాని ఇన్‌పుట్‌కు కలపండి. రెండోదాన్ని అలాగే తిరిగి మొదటిదానికి కలపండి. ఇన్‌పుట్ల దగ్గర పెట్టే రెసిస్టర్ గుండా కెపాసిటర్ మెల్లగా ఖాళీ అవుతుంది, ఆ సమయం అయిపోగానే రెండూ తారుమారవుతాయి. తక్కెడలో ఒక పళ్లెం లేస్తే ఇంకొకటి దిగినట్టు, ఇది ఆగకుండా సాగుతుంది. దీన్నే బైకోర్ అంటారు. ఒక బైకోర్ ముందు మోటారును అటూ ఇటూ తిప్పుతుంది. దానికి రెండు రెసిస్టర్లతో జోడించిన రెండో బైకోర్ కొంచెం ఆలస్యంగా వెనక మోటారును తిప్పుతుంది. నడక మొత్తం ఆ కాస్త ఆలస్యంలోనే ఉంది. వెనక మోటారు ఒంటిని ఒక పక్కకు వాలుస్తుంది, బరువు తగ్గిన కాలును ముందు మోటారు ముందుకు వేస్తుంది.

సస్పెండెడ్ బైకోర్ కట్టాను. దానికి వాడే 74హెచ్‌సీ240 లాజిక్ చిప్ దొరక్క 74హెచ్‌సీ14 వాడాను. రెండూ ఇన్వర్టర్లే కదా? కానీ చిప్‌లో చలనమే లేదు. మూడు చిప్పులు మార్చాను.

మీ చిప్పులు మూడూ బాగానే ఉండి ఉంటాయి, పారేయకండి. తేడా ఎక్కడుందంటే, 14 అనేది ష్మిట్ ట్రిగ్గర్ ఇన్వర్టర్. పైకి వెళ్లేటప్పుడు ఒక వోల్టేజీ దగ్గర, కిందికి వచ్చేటప్పుడు అంతకంటే తక్కువ వోల్టేజీ దగ్గర అది మాట మారుస్తుంది. మధ్యలో ఉన్న పట్టీలో ఏం జరిగినా పట్టించుకోదు. సస్పెండెడ్ బైకోర్‌లో రెండు ఇన్‌పుట్ల మధ్య ఒకే రెసిస్టర్ ఉంటుంది. అందువల్ల పైనున్న ఇన్‌పుట్ దిగుతూ, కిందున్నది ఎక్కుతూ, రెండూ సరఫరాలో సగం దగ్గర కలుస్తాయి. 5 వోల్టులు ఇస్తే రెండున్నర దగ్గర. ఆ సగం సరిగ్గా 14 పట్టించుకోని పట్టీలోనే పడుతుంది, సర్క్యూట్ అక్కడే ఉండిపోతుంది. 240 మారే చోటు కూడా సుమారు ఆ సగమే కాబట్టి, అక్కడికి చేరగానే ఏదో ఒకటి ముందుగా తిరుగుతుంది.

14తోనే చేయాలంటే మధ్యలో ఉన్న ఆ ఒక్క రెసిస్టర్ తీసేసి, ఒక్కో ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు విడివిడిగా ఒక్కో రెసిస్టర్ వేయండి. అప్పుడు తిరుగుతుంది. రెండిటి విలువలూ వీలైనంత సమానంగా ఉండాలి.

240 వాడేవాళ్లు ఇంకో రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటో పిన్, పంతొమ్మిదో పిన్ ఎనేబుల్ పిన్‌లు, అంటే అవుట్‌పుట్లను ఆన్, ఆఫ్ చేసేవి. వాటిని గ్రౌండ్‌కు కలపకుండా గాలికి వదిలేస్తే అవుట్‌పుట్లు వాటి ఇష్టం వచ్చినట్టు ఆన్, ఆఫ్ అవుతాయి. ‘వేలు పెడితే పని చేస్తోంది, తీస్తే ఆగిపోతోంది’ అని రాసే చాలామంది విషయంలో కారణం ఇదే. రెండోది, చిప్ మీద హెచ్‌సీ అనే అక్షరాలు ఉన్నాయా లేదా చూడండి. ఎల్‌ఎస్ అని ఉంటే అది వేరే రకం చిప్, వద్దు. ఎల్‌ఎస్ ఇన్‌పుట్లు స్వయంగా కరెంటు వదులుతాయి. మెగాఓమ్‌ల రెసిస్టర్ వాటిని కిందికి లాగలేదు.

ఇన్ని మెగాఓమ్‌లు ఉన్న చోట సోల్డరింగ్ తర్వాత మిగిలే ఫ్లక్స్ జిగురు కూడా ఒక రెసిస్టర్‌లాగే పనిచేస్తుంది. రోజుకో వేగంతో నడుస్తుంటే బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి చూడండి. టైమింగ్ కోసం లీకేజీ ఎక్కువుండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు వాడకండి, ఫిలిం రకమే మంచిది.

చేత్తో ఎత్తి పట్టుకుంటే కాళ్లు చక్కగా ఆడుతున్నాయి. నేల మీద పెట్టగానే వణికి ఆగిపోతోంది. 9 వోల్టుల బ్యాటరీ పెట్టాను. చాలా టెన్షన్‌గా ఉంది, ప్రదర్శన దగ్గర పడింది.

ముందు ఆ బ్యాటరీ తీసేయండి. హెచ్‌సీ చిప్పులకు సరఫరా 2 నుంచి 6 వోల్టుల మధ్య ఉండాలి, 7 దాటితే పాడయ్యే ప్రమాదం ఉంది. పైగా ఆ చిన్న బ్యాటరీ లోపలి నిరోధం ఎక్కువ. మోటారు కరెంటు లాగగానే వోల్టేజీ కుంగిపోతుంది, దాంతో బైకోర్ లెక్క తప్పి వణుకు మొదలవుతుంది. రీఛార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ నాలుగు వేస్తే 4.8 వోల్టులు వస్తాయి, ఈ పనికి అవి సరిగ్గా సరిపోతాయి. చిప్‌కు ఆనుకుని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, బ్యాటరీ తీగల మధ్య 1000 మైక్రోఫారడ్‌ది ఒకటి తప్పకుండా పెట్టండి.

అప్పటికీ ఆగిపోతే మోటారును అనుమానించండి. మల్టీమీటర్‌ను వరసలో పెట్టి, షాఫ్ట్‌ను ఒక్క క్షణం పట్టుకుని ఎంత కరెంటు లాగుతోందో చూడండి. 240లో ఒక్కో అవుట్‌పుట్ హద్దు 35 మిల్లీ ఆంపియర్లు. మీ మోటారు 200 లాగుతుంటే ఆ చిప్ ఏం చేయగలదు? అవుట్‌పుట్లను జతలుగా కలపవచ్చు, మోటారును నడిపే ఆ చిప్ మీద అలాంటిదే ఇంకొకటి ఎక్కించి కాలికి కాలు సోల్డర్ చేయవచ్చు. అంతకుమించి కావాలంటే ట్రాన్సిస్టర్లతో హెచ్-బ్రిడ్జ్ (మోటారును రెండు వైపులా తిప్పగల సర్క్యూట్) కట్టుకోండి. చాలామంది సలహా ఇచ్చే ఎల్293డీ అనే మోటారు డ్రైవర్ చిప్ ఇక్కడ వద్దు. అది తనే రెండు వోల్టులకు పైగా మింగేస్తుంది, 4.8లో ఇక మోటారుకు మిగిలేది సగమే.

నడుస్తోంది కానీ పది అడుగులు వేసేసరికి ముందు కాళ్లు మెల్లగా ఎడమకు జరిగిపోయి అక్కడే ఇరుక్కుంటున్నాయి. రెసిస్టర్లు ఎన్ని మార్చినా అంతే.

రెసిస్టర్లను వదిలేయండి, ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. రోబోను ఎత్తి పట్టుకుని ముందు మోటారు రెండు తీగలను అటుదిటు మార్చండి. కాళ్లు ఇప్పుడు కుడికి జరిగితే తప్పు సర్క్యూట్‌ది, రెండు సగాల సమయం సమానంగా లేదు. అప్పటికీ ఎడమకే జరిగితే సర్క్యూట్ తప్పేమీ లేదు. గేర్లు, కాళ్లు, మోటారు, వీటిలో ఏదో ఒక వైపుకు తేలిగ్గా, ఇంకో వైపుకు బరువుగా తిరుగుతోంది.

నేను కట్టిన మొదటి రోబోలో ఇదే సమస్యతో రెండు వారాలు కెపాసిటర్లు మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి చూస్తే ఒక కాలు ఇంకోదానికంటే రెండు మిల్లీమీటర్లు పొడవుంది. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను: ఈ రోబోలో ప్రోగ్రామ్ అంటే ఆ తీగ కాళ్లే. వాటి వంపు, పొడవు, పాదం చివర పట్టు, బ్యాటరీ ఎక్కడ పెట్టారు అన్నదే కోడ్. దాన్ని ముక్కుపట్టకారుతో ఎడిట్ చేయాలి. అందుకే కాళ్లకు మరీ గట్టి తీగ వాడకండి, పదేపదే వంచగలిగేలా ఉండాలి.

మీ విషయంలో ముందు కాళ్లు మధ్యకు తిరిగి వచ్చేలా ఒక పలచని రబ్బర్ బ్యాండు లేదా మెత్తని స్ప్రింగ్ కట్టండి. సర్వో మోటారు విప్పి వాడుతుంటే లోపలి ప్లాస్టిక్ అడ్డు మిగిలిపోయిందేమో కూడా చూడండి. ఒక్కోసారి కాళ్లు ఇరుక్కునేది దానికే.

అన్నీ బాగున్నాయి, కానీ వెనక్కి నడుస్తోంది!

రెండు మోటార్లలో ఏదో ఒకదాని తీగలు మాత్రమే అటుదిటు మార్చండి. రెండిటివీ మారిస్తే మళ్లీ వెనక్కే వెళ్తుంది.