అరచేతి చిత్రాలకు అద్దె హాలు గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. కాకినాడ సమీపంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. 1996లో ఉద్యోగంలో చేరాను, ఇప్పుడు జీతం నెలకు 1,10,000 రూపాయలు. కోరంగి మడ అడవుల్లో కనిపించే లకుముకి పిట్టలు, కొంగలు, నీటికుక్కలు, నీటిపిల్లులను చిన్న చిన్న నీటిరంగుల చిత్రాలుగా వేస్తుంటాను. ఒక్కొక్కటి 5.5 అంగుళాల వెడల్పు, 7.5 అంగుళాల పొడవు ఉంటుంది. తెలిసినవారు 2,500 రూపాయల చొప్పున ఇప్పటివరకు 25 చిత్రాలు కొన్నారు. హైదరాబాద్‌లోని ఒక గ్యాలరీ వారం రోజులకు 90,000 రూపాయల అద్దె, అమ్మకాలపై 20 శాతం కమీషన్ తీసుకుని హాలు ఇస్తానంటోంది. 40 చిత్రాలతో ప్రదర్శన పెట్టడానికి నాలుగు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను మధ్యలో తీసేయవచ్చా? స్వచ్ఛంద పదవీ విరమణ కూడా చేద్దామనుకుంటున్నాను. మా అమ్మాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది.

జవాబు: డిపాజిట్ జోలికి వెళ్లకండి, ఉద్యోగం ఇప్పుడే వదులుకోకండి. అయితే ప్రదర్శన ఆలోచన మానుకోమని నేను చెప్పడం లేదు. మీ చిత్రాల పరిమాణానికి ఈ గ్యాలరీ షరతులు సరిపోవడం లేదన్నదే నా అభ్యంతరం. అది లెక్క వేస్తేనే తెలుస్తుంది.

అద్దం, మౌంట్‌తో (చిత్రం చుట్టూ ఉండే అట్ట అంచుతో) కలిపి ఒక చిన్న ఫ్రేమ్‌కు 1,200 రూపాయలు అనుకుంటే 40 ఫ్రేములకు 48,000 అవుతుంది. హాలు అద్దె 90,000. చిత్రాలను జాగ్రత్తగా హైదరాబాద్ చేర్చడం, వారం రోజుల బస, ఆహ్వాన పత్రికలు, ప్రారంభం రోజు అతిథులకు తేనీరు, ఫలహారాలు వంటివాటికి తక్కువలో తక్కువ 42,000 వేసుకోండి. మొత్తం 1,80,000 రూపాయలు, అంటే ఒక్కొక్క చిత్రం గోడకెక్కడానికే 4,500 ఖర్చు. మీరు ధరను 4,000కు పెంచి నలభైకి నలభై అమ్మినా, కమీషన్ పోగా మీకు వచ్చేది 1,28,000 మాత్రమే కాబట్టి 52,000 నష్టం తప్పదు. ధరను 8,000 చేస్తే ఒక్కో చిత్రానికి 6,400 మిగులుతుంది గాని, అప్పుడు కూడా పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటే నలభైలో 29 అమ్ముడుపోవాలి. మొదటి సొంత ప్రదర్శనలో, పరిచయం లేని ఊరిలో, మూడొంతుల చిత్రాలు అమ్ముడవుతాయన్న నమ్మకంతో డబ్బు పెట్టమని నేను ఎవరికీ సలహా ఇవ్వలేను. పెద్ద కాన్వాసులు వేసేవారికి ఇదే హాలు లాభసాటి కావచ్చు, ఎందుకంటే అద్దె గోడకు గాని చిత్రం ధరకు కాదు. అరచేతి పరిమాణంలో వేసేవారికి ఫ్రేమ్, అద్దె కలిసి ధరను మింగేస్తాయి.

అద్దె అడగకుండా కమీషన్ మీద మాత్రమే పనిచేసే గ్యాలరీలో, నలుగురైదుగురు చిత్రకారులు కలిసి పెట్టే బృంద ప్రదర్శనతో మొదలుపెట్టండి. మన దేశంలో గ్యాలరీల కమీషన్ సాధారణంగా అమ్మకపు ధరలో మూడో వంతు నుంచి సగం వరకు ఉంటుంది. వినడానికి ఇది ఎక్కువగానే అనిపిస్తుంది. కానీ చిత్రం అమ్ముడుపోతేనే గ్యాలరీకి ఆదాయం కాబట్టి, అమ్మే బాధ్యతలో కొంత వారి భుజాన కూడా పడుతుంది. ముందే అద్దె చేతిలో పడిన గ్యాలరీకి ఆ తొందర ఉండదు. ఎనిమిది చిత్రాలను ఫ్రేమ్‌తో కలిపి 6,000 చొప్పున పెట్టి 40 శాతం కమీషన్ ఇచ్చారనుకోండి. 3,600 మీకు వస్తుంది. అందులో ఫ్రేమ్‌కు 1,200, కాగితం, రంగులకు 200 తీసేస్తే 2,200 మిగులుతుంది. ఇప్పుడు ఇంటి దగ్గర అమ్మితే మీకు మిగులుతున్నది 2,300 కదా! అంటే గ్యాలరీలో 6,000 పెట్టడం అత్యాశ కాదు, ఇంటి దగ్గర 2,500కు ఇవ్వడమే ధర తగ్గించుకోవడం. ఏ గ్యాలరీ అయినా తన గోడ మీద ఉన్న ధర కంటే తక్కువకు చిత్రకారులు బయట అమ్మడాన్ని ఒప్పుకోదు కనుక, ఇకపై ఫ్రేమ్ లేని చిత్రానికి ఇంటి దగ్గర కూడా 4,800 చెప్పండి. స్నేహితులలో కొందరు వెనక్కి తగ్గవచ్చు. అభిమానంతో కొన్నవారి సంఖ్యను బట్టి బయటి గిరాకీని అంచనా వేయలేం కాబట్టి, ఈ పరీక్ష ఇప్పుడే జరగడం మంచిది.

ఈ పద్ధతిలో మీరు పణంగా పెట్టేది ఎనిమిది ఫ్రేముల ఖర్చు 9,600, రవాణా మరికొంత. ఇప్పటివరకు చిత్రాల మీద వచ్చిన 62,500లో అది సులువుగా సర్దుకుంటుంది. ఫ్రేములన్నీ ఒకే కొలతలో చేయించుకుంటే అమ్ముడుపోని చిత్రం స్థానంలో కొత్తది అమర్చుకోవచ్చు. చిత్రాల జమాఖర్చుల కోసం వేరే పొదుపు ఖాతా తెరిచి, రెండేళ్లపాటు ఆ ఖాతాలో ఉన్నంత మేరకే ఖర్చు పెట్టండి.

ఆదా పేరుతో కాగితం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. 22 × 30 అంగుళాల నూరు శాతం కాటన్ కాగితం, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) బరువులో, ఒక్క షీటును కోస్తే మీ కొలతకు సరిగ్గా 16 ముక్కలు వస్తాయి. షీటు 800 పడినా చిత్రానికి 50 రూపాయలే. ఆలిజరిన్ క్రిమ్సన్ వంటి కొన్ని రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. ట్యూబు మీద వెలుగును తట్టుకునే గుణం ఎంతో చూసి కొనండి, ఎందుకంటే 6,000 పెట్టి కొన్న చిత్రంలోని లకుముకి రెక్క రెండేళ్లకు పాలిపోతే ఆ కొనుగోలుదారు మళ్లీ మీ దగ్గరకు రారు. సముద్రతీరపు తేమకు కాగితం బూజు పడుతుంది కాబట్టి నిల్వ చిత్రాలను గాలి చొరని పెట్టెలో, తేమను పీల్చే సిలికా జెల్ సంచులతో ఉంచండి. కుంచెల విషయంలో ఒక హెచ్చరిక: ముంగిస వెంట్రుకలతో చేసిన కుంచెలు ఇప్పటికీ అక్కడక్కడా దొరుకుతున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి అమ్మకం నేరం. వన్యప్రాణుల చిత్రాలు వేసే మీ చేతిలో అవి ఉండడం అంతకంటే ఇబ్బందికరం.

ఇక ఉద్యోగం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో పదవీ విరమణ వయసు 62 కాబట్టి మీకు ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. 2004 సెప్టెంబరుకు ముందే చేరారు కనుక మీరు పాత పింఛను విధానంలోనే ఉంటారు. ఆ పింఛను చివరి జీతాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఇప్పుడు మానేస్తే ఎనిమిదేళ్ల జీతంతోపాటు, ఈ మధ్యలో వచ్చే ఇంక్రిమెంట్లు, వేతన సవరణ వల్ల పెరగాల్సిన పింఛను కూడా జీవితాంతం కోల్పోతారు. పింఛను ఇప్పటి జీతంలో సుమారు సగం అనుకుంటే, లోటు నెలకు 55,000. చిత్రానికి 2,200 మిగులుతుందనుకుంటే ఆ లోటు పూడడానికి నెలకు 25 చిత్రాలు అమ్మాలి. అంటే మీరు ఇప్పటివరకు మొత్తంగా అమ్మినన్ని ప్రతి నెలా అమ్మాలి! అమ్మాయి చదువు పూర్తయి, రెండు మూడు బృంద ప్రదర్శనల అనుభవం వచ్చాక ఈ ప్రశ్నను మళ్లీ వేసుకోవచ్చు. అంతవరకు వేసవి సెలవులు మీ చేతిలోనే ఉన్నాయి. ఆ నాలుగు లక్షలు కుటుంబ అత్యవసర నిధిగా, అమ్మాయి చివరి సంవత్సరం ఫీజుకు భరోసాగా ఉండనివ్వండి.

ఉద్యోగంలో ఉంటూ చిత్రాలు అమ్మేటప్పుడు ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళిని మరవకండి. ప్రదర్శనకు ఒప్పుకునే ముందే, అమ్మకం విషయం కూడా స్పష్టంగా రాసి, ప్రధానోపాధ్యాయుల ద్వారా పై అధికారికి దరఖాస్తు పెట్టి రాతపూర్వక అనుమతి తీసుకోండి. చిత్రాల మీద వచ్చే నికరాదాయం మీ జీతానికి కలుస్తుంది. ఈ ఆదాయం ఉన్న సంవత్సరం మీకు అలవాటైన ఐటీఆర్-1 పనికిరాదు, ఆదాయపు పన్ను రిటర్నులో దానిని వ్యాపార, వృత్తి ఆదాయంగా చూపాలి. అందుకోసం కాగితం, రంగులు, ఫ్రేములు, ప్రయాణాల బిల్లులన్నీ దాచండి. చేతితో వేసిన చిత్రాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాకుండా 5 శాతం. మీ అమ్మకాలు రిజిస్ట్రేషన్ పరిమితికి చాలా దిగువన ఉన్నా, వేరే రాష్ట్రంలో అమ్మేవారికి ఆ పరిమితి సాధారణంగా వర్తించదు, అంటే ఎంత తక్కువ అమ్మినా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చేతిపని వస్తువులకు కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. అది మీకు వర్తించేలా కాగితాలు సిద్ధం చేయించుకునే పని ఆడిటర్‌కు అప్పగించండి. ఈ చిక్కు వద్దనుకుంటే మొదటి ప్రదర్శన విశాఖపట్నంలోనో, విజయవాడలోనో పెట్టుకోండి.

చిన్న చిత్రాలకు ఉన్న ఇంకో ఆదాయ మార్గం ముద్రిత ప్రతులు, శుభాకాంక్షల కార్డులు. మీ ఇష్టానికి వేసిన చిత్రాన్ని అమ్మేసినా కాపీహక్కు మీదే, ప్రతులు వేసుకోవచ్చు. కానీ ఏదైనా రిసార్టు డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు వేయించుకున్నవారికే చెందుతుంది. కాబట్టి అలాంటి పనికి ముందే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. ఇతరులు తీసిన ఫొటోను అనుమతి లేకుండా చూసి వేసిన చిత్రాన్ని మాత్రం అమ్మకానికి పెట్టకండి.

గ్యాలరీతో ఒప్పందంలో మూడు విషయాలు అక్షరాల్లో ఉండాలి: చిత్రం అమ్ముడుపోయిన ఎన్ని రోజులకు మీ ఖాతాలో డబ్బు పడుతుంది, గ్యాలరీలో ఉండగా చిత్రం పాడైతే నష్టం ఎవరిది, అమ్ముడుపోనివాటిని తిరిగి పంపే ఖర్చు ఎవరు భరిస్తారు. వీటికి నోటిమాటతో సరిపెట్టే గ్యాలరీకి అద్దె లేకపోయినా చిత్రాలు ఇవ్వకండి.