సీరియల్లో సంతకం పెడితే విడాకులు వచ్చేశాయి, నిజంగా వస్తాయా?

ప్రశ్న: నేను చూసే సీరియల్లో భర్త వేరే కాగితాల మధ్య విడాకుల పత్రం పెట్టి భార్య చేత సంతకం చేయించాడు. మర్నాడే విడాకులు. ఆఖరి వాయిదాలో ఒక సాక్షి పరుగున వచ్చి వీడియో చూపిస్తే ఆమె గెలిచింది. మా ఇంట్లో కొందరు కోర్టుల్లో ఇలాగే జరుగుతుందంటారు, కొందరు అంతా కల్పితమంటారు. నాకైతే భయంగా ఉంది. రెండేళ్లుగా విడిగా ఉంటున్న మావారు పోయిన నెల బ్యాంకు పనని చెప్పి నాతో రెండు కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు. నా కాపురం పోయినట్టేనా?

జవాబు: పోలేదమ్మా. మీది హిందూ వివాహ చట్టం కిందకు వచ్చే పెళ్లి అనుకుని చెబుతున్నాను. ఇద్దరూ ఇష్టపడి విడిపోవాలన్నా 13-బి సెక్షన్ కింద కలిసి పిటిషన్ వేయాలి, అప్పటికి ఏడాదిగా విడిగా ఉంటూ ఉండాలి. మామూలుగా ఆర్నెల్లు ఆగి మళ్లీ ఇద్దరూ అడగాలి. తగిన కేసుల్లో ఈ ఆర్నెల్ల గడువు ఎత్తేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎత్తేసినా, మీ మాట వినకుండా, ఆ సమ్మతి బలవంతంతోనో మోసంతోనో తీసుకున్నది కాదని తేల్చుకోకుండా కోర్టు డిక్రీ, అంటే విడాకుల తీర్పు, ఇవ్వకూడదు. పిటిషన్ మీద సంతకం చేశాక కూడా, డిక్రీ వచ్చేలోపు సమ్మతి వెనక్కి తీసుకోవచ్చని 1991లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

అలాగని అంతా కల్పితమనే వాళ్లతోనూ నేను ఏకీభవించను. సంతకాల మోసం నిజంగానే జరుగుతుంది. ఆయన ఒక్కరే విడాకుల కేసు వేసి ఉంటే మీకు సమన్లు వస్తాయి. అవి తీసుకోకపోయినా, తీసుకుని ఊరుకున్నా మీరు లేకుండానే ఇచ్చే తీర్పు, ఎక్స్‌పార్టీ డిక్రీ, అయిపోవచ్చు. దాన్ని రద్దు చేయమని అడగడానికి గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులే. సమన్లు సరిగా అందకపోయి ఉంటే మీకు తెలిసిన రోజు నుంచి లెక్క.

నాకు బాధ కలిగించేది ఆ ఆఖరి సాక్షి సన్నివేశం. నిజం దానంతటదే వస్తుందని నమ్మి కౌంటర్‌లో, అంటే కేసుకు రాతపూర్వకంగా ఇచ్చే జవాబులో, సగం సంగతులు రాయించని వాళ్లను చాలామందిని చూశాను. కౌంటర్‌లో లేని సంగతికి తర్వాత సాక్ష్యం తెచ్చినా నిలవడం కష్టం. ఆలస్యంగా సాక్షిని పిలిపించాలంటే కారణం చూపి పిటిషన్ వేయాలి, అవతలి లాయరు అభ్యంతరం చెబుతారు. వీడియోకు సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే అది ఏ పరికరంలోంచి ఎలా తీశారో చెప్పే పత్రం, జతచేయాలి. అందుకే మీ దగ్గర అలాంటి వీడియో ఉంటే ఆ ఫోన్ మార్చకండి, అందులోవి చెరపకండి.

బోనులో నిలబడటం కూడా సీరియల్లోలా ఉండదు. అక్కడ తల ఊపితే చాలదు, నోటితో చెప్పాలి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో (ఎదురు ప్రశ్నలప్పుడు) అవతలి లాయరు 'మీరే ఇష్టపడి సంతకం చేశారు' అంటారు. మీరు కాదంటే జడ్జిగారు టైపిస్టుకు 'నేను ఇష్టపడి సంతకం చేశాననడం నిజం కాదు' అని చెప్పి రాయిస్తారు. గంటసేపు అలాంటి వాక్యాలే. ఆ తర్వాత వాంగ్మూలం చదివి వినిపిస్తారు. అలసిపోయి వినకుండా సంతకం పెట్టకండి. తప్పు పడితే అప్పుడే దిద్దమని అడగండి.

ఇప్పుడు చేయాల్సింది: ఆ రెండు కాగితాల సంగతి గుర్తున్నంతవరకు తేదీతో, ఎవరెవరు ఉన్నారో సహా ఈ రాత్రే రాసి పెట్టుకోండి. బ్యాంకుకు వెళ్లి మీ సంతకంతో ఏమైనా అందిందా అని లిఖితపూర్వకంగా అడగండి. ఆ జవాబు రాగానే లాయరు ద్వారా మీ భర్తకు రిజిస్టర్డ్ నోటీసు పంపండి.