స్థలం ఆరుగురిది, రిజిస్ట్రేషన్ ఒకరి పేరున: కుదురుతుందా?

ప్రశ్న: మేడమ్, మేము ఆరు కుటుంబాల వాళ్లం, పాతికేళ్ల స్నేహితులం. హైదరాబాద్‌లో విడివిడిగా ఫ్లాట్లు కొనే స్తోమత లేదు. బోడుప్పల్ వైపు 360 గజాల స్థలం చూశాం. తలా ఒక చిన్న ఇల్లు, కింద అందరికీ కలిపి ఒకే వంటిల్లు, హాలు, మేడ మీద సోలార్, పెరట్లో ఇంకుడు గుంత అనుకుంటున్నాం. లోన్ సులువుగా వస్తుందని మాలో ప్రభుత్వ ఉద్యోగి అయిన ఒకరి పేరున రిజిస్ట్రేషన్ చేయించి, మిగతావాళ్లం నోటరీ అగ్రిమెంటు రాసుకుందామనుకుంటున్నాం. మాలో ఒకామె రిటైర్డ్ టీచర్. భర్త లేరు, పిల్లలు లేరు. టోకెన్ అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. ఇందులో ఇబ్బంది ఏమైనా ఉందా?

జవాబు: మీ ఆలోచన నాకు చాలా నచ్చింది. ఈ నగరంలో సామాన్యులు గౌరవంగా బతకడానికి ఇలాంటి ఇళ్లు ఎన్నో రావాలి. అందుకే ముందే గట్టిగా చెబుతున్నాను, ఒకరి పేరున రిజిస్ట్రేషన్ మాత్రం వద్దు.

డబ్బు ఒకరు పెట్టి ఆస్తి ఇంకొకరి పేరున కొంటే అది బినామీ లావాదేవీ కిందికి వస్తుంది. 1988 నాటి బినామీ చట్టాన్ని 2016లో బాగా కఠినం చేశారు. భార్య, భర్త, పిల్లల పేరున కొనడానికి మినహాయింపు ఉంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రుల విషయంలో దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉంటే మినహాయింపు. స్నేహితులకు అలాంటిదేమీ లేదు. ఆస్తిని ప్రభుత్వం జప్తు చేయవచ్చు. నేరం రుజువైతే ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు, ఆస్తి మార్కెట్ విలువలో పాతిక శాతం దాకా జరిమానా. పైగా, "డబ్బు నాది, ఆస్తి నాకు ఇప్పించండి" అని కోర్టుకు వెళ్లే దారి కూడా ఆ చట్టం మూసేసింది. మీ స్నేహితుడికీ చిక్కే. ప్రభుత్వ ఉద్యోగి ఆస్తి కొంటే శాఖకు తెలపాలి, డబ్బు ఎక్కడిదో చూపాలి. మిగతా ఐదుగురి డబ్బుకు ఆయన ఏం లెక్క చెబుతారు?

ఇక నోటరీ అగ్రిమెంటు. నా దగ్గరకు ఒక పెద్దాయన వచ్చారు. వంద రూపాయల స్టాంపు పేపరు, కింద నోటరీ గుండ్రటి ముద్ర, పాడైపోతుందని లామినేషన్ కూడా చేయించారు. పన్నెండేళ్లుగా బీరువాలో దాచుకున్న కాగితం అది. స్నేహితుడు పోయారు, ఆయన కొడుకులు స్థలం మాదే అన్నారు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని, దీనితో హక్కు రాదని ఆయనకు చెప్పడం నాకు చాలా కష్టమైంది. స్థిరాస్తి హక్కు బదిలీ కావాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ ముద్ర ఆ పని చేయదు.

కాబట్టి సేల్ డీడ్ ఆరుగురి పేర్లతో రాయించండి. ఎవరి వాటా ఎంతో అందులోనే స్పష్టంగా ఉండాలి. రాయకపోతే పెట్టిన డబ్బు నిష్పత్తిలో వాటాలని, అది కూడా తేలకపోతే సమానమని ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ చెబుతుంది. ఎక్కువ పెట్టినవారికి అక్కడే నష్టం. చెల్లింపులన్నీ ఎవరి ఖాతా నుంచి వారే చేయండి.

బ్యాంకులు సాధారణంగా స్నేహితులను కలిపి లోన్ ఇవ్వవు, ఆ టెన్షన్ నాకు అర్థమైంది. దానికి దారి పార్టిషన్ డీడ్, అంటే పంపకాల దస్తావేజు. ప్లాన్ మంజూరయ్యాక, ఏ ఇల్లు ఎవరిదో, భూమిలో విడదీయని వాటా ఎంతో రాసి రిజిస్టర్ చేయించుకుంటే ఎవరి ఇంటి మీద వారు లోన్ అడగవచ్చు. డ్రాఫ్టును ముందే బ్యాంకు ప్యానెల్ లాయరుకు చూపించండి. ఉమ్మడి వంటిల్లు, హాలు, మేడ, ఇంకుడు గుంత ఆరు వాటాల్లోనూ కనిపించాలి. ఇది మర్చిపోయిన చోటే తర్వాత ఎవరో ఒకరు మేడ మీద గది వేస్తారు. ప్లాన్ కూడా ఆరు ఇళ్లకే తీసుకోండి. ఒకే ఇల్లని అనుమతి తీసుకుని ఆరు ఇళ్లు కడితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారు, నివసించవచ్చు అని ఇచ్చే పత్రం) దగ్గర ఇరుక్కుంటారు. రెరా (అమ్మకానికి ఇళ్లు కట్టే బిల్డర్లను నియంత్రించే చట్టం) గురించి కంగారు వద్దు. మీకోసం మీరే కట్టుకుంటున్నారు, స్థలం కూడా సుమారు 300 చదరపు మీటర్లే.

సహకార సంఘం పెట్టి స్థలాన్ని సంఘం పేరున కొనవచ్చు కదా అని కొందరు అడుగుతారు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పది మంది కావాలి. మీరు ఆరు కుటుంబాలే. నిర్వహణకు మాత్రం, సహకార సంఘంగా కాకుండా మామూలు సొసైటీగా రిజిస్టర్ చేసుకోండి. దానికి ఏడుగురు చాలు, భార్యాభర్తలిద్దరూ సభ్యులు కావచ్చు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇలాంటి సంఘాలు ఉమ్మడి అవసరాలకు పెట్టుకునే సోలార్‌కు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరైనా బయటికి వెళ్లాలనుకుంటే ఏం చేయాలన్నది ఇప్పుడే రాసుకోవడం. "ఎప్పటికీ అమ్మకూడదు" అని రాస్తే కోర్టులో నిలబడదు. "అమ్మాలనుకుంటే ముందు మిగతా ఐదుగురినీ అడగాలి" అన్న షరతు పెట్టుకోవచ్చు. ధర ఎవరు నిర్ణయిస్తారు (రిజిస్టర్డ్ వాల్యూయర్ అయితే మంచిది), జవాబుకు ఎన్ని రోజులు, డబ్బు కట్టడానికి ఎన్ని నెలలు, అద్దెకు ఇవ్వవచ్చా, వంటింట్లో తినని నెల ఖర్చు పంచుకోవాలా? ఇవన్నీ చిన్న విషయాల్లా ఉంటాయి. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం వంటింటి లెక్క దగ్గరే మొదలయ్యాయి. ఇవేవీ లేకుండా, పార్టిషన్ డీడ్ కూడా రాసుకోకముందే పంపకాల దావా పడితే, పంచడానికి వీలుకాని ఆస్తిని సగం లేదా అంతకు మించిన వాటాదారులు అడిగితే 1893 నాటి పార్టిషన్ చట్టం కింద కోర్టు అమ్మించవచ్చు.

టీచరమ్మ గారి విషయం విడిగా చెప్పాలి. ఆవిడ వాటా స్నేహితులకు దానంతట అదే రాదు. ఆవిడ హిందువైతే, తన సంపాదనతో కొన్న ఆస్తి వీలునామా లేకుండా పోతే భర్త తరఫు వారసులకు వెళుతుంది. ముసలితనంలో ఆవిడను చూసుకునే చెల్లెలికి రూపాయి కూడా రాకపోవచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాయమనండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మాత్రం మంచిది.

అడ్వాన్స్ ఇచ్చేముందు 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలు చూపే ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), లేఅవుట్ అనుమతి చూపించుకోండి. ఆ రసీదులో కూడా ఆరుగురి పేర్లూ ఉండేలా చూడండి.