నోట్‌బుక్ ఖాళీ... పాప నేర్చుకుంటోందా?

ప్రశ్న: మా పాప కిండర్‌గార్టెన్‌లో చేరి నెలైంది. నోట్‌బుక్‌లో ఒక్క అక్షరం లేదు. రోజూ మట్టిముద్దలు, కత్తిరింపులు, పాటలే. టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇరవై ఏళ్లుగా ఈ వయసు పిల్లలతోనే ఉన్నాను. మీ పాప చేతులు చూడండి. మట్టి పిసికితే వేళ్లకు పట్టు వస్తుంది. కత్తెర పట్టినప్పుడు ఒక చెయ్యి కత్తిరిస్తుంటే రెండోది కాగితాన్ని తిప్పాలి. పెన్సిల్ పట్టడానికి ముందు కావలసింది ఇదే.

మా క్లాసులో ఒక బాబు మొదటి వారం పదిదాకా గడగడా చెప్పేవాడు. వాడి ముందు ఐదు గింజలు పెడితే మాత్రం ఏడనేవాడు. నోరు ముందు పరిగెత్తేది, వేలు వెనకబడేది. నెలాఖరుకి ఒక్కో గింజనూ పక్కకు జరుపుతూ, ఆగి, ‘ఐదే!’ అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. ఇది నోట్‌బుక్‌లో కనపడదు.

1840లో జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త తన బడికి ‘కిండర్‌గార్టెన్’, అంటే ‘పిల్లల తోట’ అని పేరు పెట్టాడు. అక్కడా పిల్లల చేతికి మొదట ఇచ్చింది ఉన్ని బంతులు, చెక్క దిమ్మలే.

పాటలంటారా, మాటల్లోని శబ్దాలు చెవికి పట్టేది వాటితోనే. రాత్రి పాపను ‘ఏం రాశావు?’ అనకండి. ‘మట్టితో ఏం చేశావు?’ అని అడిగి, చెప్పేదంతా వినండి.