మీ వాయిద్యం ముందే ఉందని తెలిసినా ఆపకండి

“నేను సొంతంగా ఆలోచించి గీసుకున్న వాయిద్యం లాంటిది ఎప్పుడో వచ్చేసిందని తెలిసింది. ఇక వదిలేయాలా?” అని అడిగారు. వదలొద్దు. నాకూ ఇదే జరిగింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మామూలు కీబోర్డు మీద నాకు ఎప్పటినుంచో కోపం. కష్టపడి ఒక పాట నేర్చుకుంటాం. పాడేవాళ్ళు “ఒక అర శ్రుతి పెంచండి” అంటారు. అంతే, వేళ్ళకు మళ్ళీ మొదటినుంచీ నేర్పాలి. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉందిగా అంటారు. అది నొక్కాక వేలికి తెలిసిన స్వరం ఒకటి, చెవిన పడేది ఇంకొకటి. దాన్ని పరిష్కారమంటే నేను ఒప్పుకోను.

అందుకే ఒక రాత్రి కాగితం మీద తేనెపట్టు గదుల్లా బటన్లు గీస్తూ కూర్చున్నాను. ఒక బటన్ కుడికి జరిగితే, కీబోర్డు నల్ల మెట్లను కూడా లెక్కేస్తే, రెండు మెట్లు పైకి. స పైన ఉన్న వరసలో ఎడమపక్క మ, కుడిపక్క ప. శంకరాభరణం వేసి చూస్తే స రి గ ఒక వరసలో, మ ప ద ని దానిపై వరసలో చక్కగా పడ్డాయి. పై స సరిగ్గా కింది స నెత్తిన, రెండు వరసల ఎత్తులో వచ్చింది! శ్రుతి ఏదైనా వేళ్ళ ఆకారం అదే, మొదలుపెట్టే చోటే మారుతుంది. ఆ ఆనందంలో దానికి పేరు కూడా పెట్టేశాను.

తర్వాత వెతికితే తేలింది. స్విట్జర్లాండ్‌కు చెందిన కాస్పర్ విక్కి 1896లోనే బాండోనియన్ (తిత్తి నొక్కుతూ బటన్లతో వాయించే వాయిద్యం) కోసం ఇదే అమరికకు పేటెంట్ తీసుకున్నాడు. చాలా బాధేసింది. ఇంకాస్త చదివితే, బ్రయాన్ హేడెన్ అనే ఆయన కాన్సర్టీనా అనే అలాంటి చిన్న తిత్తి వాయిద్యం కోసం ఇదే అమరికను తనంతట తాను కనిపెట్టి 1986లో పేటెంట్ పొందాడు. తొంభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చాడని ఎవరూ ఆయన పేరు కొట్టేయలేదు. ఇప్పుడు దాన్ని విక్కి-హేడెన్ అమరిక అనే పిలుస్తారు.

ఒకరికొకరు తెలియనివాళ్ళకు ఒకే అమరిక తట్టిందంటే చేతికి అదే సహజం, నాకు అనుమానం లేదు. నలుపు తెలుపు మెట్లు నిలిచింది గొప్పవని కాదు, నేర్పేవాళ్ళంతా వాటిమీదే నేర్చుకున్నారని. “ఇది పాతదేగా” అని ఒక్క మాటతో తేల్చేసేవాళ్ళు ఆ పాతదాన్ని ఒక్కసారైనా వాయించి ఉండరు.

మీరు ఆ పాత పేటెంట్ పత్రాలు తెరిచి బొమ్మలతో సహా చదవండి. విక్కి, హేడెన్ ఇద్దరి పేటెంట్ల గడువూ తీరిపోయింది, ఎవరైనా తయారు చేసుకోవచ్చు. నేను బటన్ల మధ్య ఎడం నా చేతికి తగ్గట్టు మారుస్తూ ఇంకా చేస్తూనే ఉన్నాను. మరీ దగ్గరైతే ప, ద కలిసి మోగుతాయి, దూరమైతే ని అందదు.