రిజిస్ట్రేషన్ అయితే లైసెన్సు వచ్చినట్లేనా?

ప్రశ్న: అద్దె ఇంట్లో చిన్న వ్యాపారం మొదలుపెడుతున్నాను. సంస్థ పేరు రిజిస్టరు అయింది. ఇంకా లైసెన్సు తీసుకోవాలా?

జవాబు: చాలా వ్యాపారాలకు తీసుకోవాలండీ. రిజిస్ట్రేషన్ మీ సంస్థను ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కిస్తుందే గానీ, ఫలానా పనిని ఫలానా చోట చేసుకోవచ్చన్న అనుమతిని ఇవ్వదు. ఆ అనుమతి పేరే లైసెన్సు. అందుకని ముందుగా అద్దె ఒప్పందాన్ని బయటికి తీసి, ‘నివాసానికి మాత్రమే’ అన్న షరతు ఉందేమో చూడండి. ఉంటే, దరఖాస్తు రుసుము కట్టకముందే యజమాని నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకోండి. షరతు ఉన్నా లేకపోయినా, ఆ ప్రాంతంలో వ్యాపారానికి స్థానిక నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో విచారించండి. తొందరలో చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. పేరు రిజిస్టరు అయినంత మాత్రాన ట్రేడ్‌మార్కు హక్కు (ఆ పేరును వ్యాపార గుర్తుగా మీరొక్కరే వాడుకునే హక్కు) రాదు కాబట్టి, బోర్డు రాయించే ముందు ఆ పేరు మరెవరి ట్రేడ్‌మార్కూ కాదని సరిచూసుకోండి.