గేటు ముందు వదిలేసిన కుక్కకు దిక్కెవరు?

ప్రశ్న: పది రోజుల క్రితం ఎవరో మా వీధి మొదట్లో ఒక లాబ్రడార్‌ను వదిలి వెళ్లారు. మెడపట్టీ ఒరిపిడికి వెంట్రుకలు ఊడిన చార ఇంకా కనిపిస్తోంది. తెల్ల కారు వస్తే చాలు, లేచి దాని వెంట పరుగెత్తి, మళ్లీ అక్కడికే వచ్చి కూర్చుంటోంది. వీధి కుక్కలు దాన్ని కరుస్తున్నాయి. రెండు షెల్టర్లకు ఫోన్ చేస్తే ఖాళీ లేదన్నారు. నేనేం చేయాలి? ఇలాంటి షెల్టర్లకు విరాళం ఇస్తే ప్రయోజనం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఖాళీ లేదన్న మాటను నిర్దయగా భావించకండి. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతకగలదు కనుక, కొత్తగా వచ్చిన కుక్కను కొన్నాళ్లు విడిగా ఉంచే చోటు లేనప్పుడు చేర్చుకుంటే, లోపల ఉన్న కుక్కపిల్లలన్నిటి ప్రాణం మీదికి వస్తుంది. పైగా విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్‌స్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను షెల్టర్లకు తరలించాలని, తిరిగి అక్కడ వదలరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉన్న కొద్దిపాటి చోటు మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు.

అందువల్ల ఏ కుక్కకు షెల్టర్ అవసరమో ముందు తేల్చుకోవాలి. వీధిలోనే పుట్టి, అక్కడివారు పెట్టింది తిని ఆరోగ్యంగా తిరిగే కుక్కను పట్టించి ఎక్కడికో పంపడం సాయం కాదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. చెవి కొస కత్తిరించి ఉంటే ఆ పని జరిగిందని గుర్తు. మీ లాబ్రడార్ సంగతి వేరు. గిన్నెలో పెడితే తినడమే తెలిసిన కుక్క వీధిలో తిండి వెతుక్కోలేదు, సరిహద్దులు తెలియవు. దానికి కావలసింది ఇల్లు.

పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే. కానీ మొదటిసారి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ కుక్క మెడలోంచి తీసేసిన పట్టీ ఖరీదు అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

ముందుగా పశువైద్యుడికి చూపించండి. చర్మం కింద యజమాని ఎవరో తెలుసుకోవడానికి పనికివచ్చే మైక్రోచిప్ ఉందేమో చూడమనండి, పిడుదులు పట్టి జ్వరం వచ్చిందేమో పరీక్ష చేయించండి. భయపడిన కుక్క ఎంత సాధువైనా కరవవచ్చు. పన్ను తగిలితే వెంటనే పదిహేను నిమిషాలు సబ్బు, ధారగా పడే నీటితో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆ తరువాత షెల్టర్‌కు మళ్లీ ఫోన్ చేసి ఇలా అడిగి చూడండి: "చేర్చుకోనక్కరలేదండీ, ఇల్లు దొరికేదాకా మేమే ఉంచుకుంటాం, దత్తత ప్రకటన మాత్రం మీరు వేయగలరా?" ఇలా అడిగితే ఒప్పుకునే అవకాశం చాలా ఎక్కువ. నా దృష్టిలో షెల్టర్‌కు అందే సాయాల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే, ఎందుకంటే మీ బాల్కనీలో ఒక కుక్క ఉన్నన్నాళ్లూ అక్కడ ఒక గది గాయపడిన మరో ప్రాణికి మిగులుతుంది.

విరాళం తప్పక ఉపయోగపడుతుంది. అయితే పండక్కో పుట్టినరోజుకో ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా, నెలనెలా తప్పకుండా వచ్చే చిన్న మొత్తమే నిర్వాహకులకు ధైర్యం. బియ్యం, మందులు, పనివారి జీతాలు నెలనెలా కావలసినవే కదా. ఇచ్చేముందు ఒకసారి వెళ్లి చూడండి: నేల పొడిగా ఉందా, జబ్బు కుక్కలు విడిగా ఉన్నాయా, నిరుడు ఎన్నిటిని దత్తత ఇచ్చారో లెక్క చెప్పగలుగుతున్నారా? పాత దుప్పట్లు, గోనెసంచులు, వార్తాపత్రికలు కూడా పనికివస్తాయి. మిగిలిపోయిన పెళ్లి బిర్యానీ మాత్రం వద్దు, అందులోని మసాలాలూ ఉల్లిపాయలూ కుక్కలకు పడవు.

దత్తతకు ఇచ్చేటప్పుడు తెల్ల కారు సంగతి కొత్తవారికి దాచకుండా చెప్పండి. మొదటి కొన్ని వారాలు గొలుసు లేకుండా బయటికి తీసుకువెళ్లకూడదు.